35 రూపాయల కుర్చీ

మా వరండాలో ఒక టేకు కుర్చీ ఉంది. వయసులో నాకంటే అయిదారేళ్ళు పెద్దదే అయ్యుంటుంది. 1992 మే నెలలో చండీగఢ్‌లో పాత సామాను వేలంలో 35 రూపాయలకు కొన్నాను. నిజానికి రెండు కొన్నాను. రెండోదాన్ని నా హాస్టల్ రూమ్మేట్, ఒడిశా అబ్బాయి, "నువ్వు రెండు మోసుకెళ్ళలేవు" అని ఉంచేసుకున్నాడు. అది ఇప్పుడు ఎక్కడుందో, ఉందో లేదో తెలియదు.

హన్మకొండలో డిగ్రీ అయ్యాక 1986లో ఎమ్మెస్సీకి చండీగఢ్‌లో సీటొచ్చింది. కాజీపేటలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి ఢిల్లీ. అక్కడ పాత ఢిల్లీ స్టేషన్‌కు పోయి రాత్రి కాల్కా మెయిల్ పట్టుకుంటే తెల్లారకముందే చండీగఢ్. ఆ రోజుల్లో పంజాబ్ పరిస్థితి బాగాలేదు, మా అమ్మ నన్ను పంపడానికి ఎంత టెన్షన్ పడిందో చెప్పలేను. నాకేమో ఊరు చూడగానే వేరే టెన్షన్. అన్నీ ఒకేలాంటి రోడ్లు, ఒకేలాంటి ఇళ్ళు, పేటలకు పేర్లు లేవు, సెక్టార్ అంకెలే. అందులోనూ అప్పట్లో 13వ సెక్టార్ లేదు. మొదటి వారం దాని కోసం వెతికి సీనియర్ల చేత నవ్వించుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

కుర్చీలు మాత్రం ఊరంతా అవే. లైబ్రరీలో అవే, ల్యాబ్‌లో అవే, ఫీజు కట్టించుకునే గుమాస్తా కిందా అవే. కుర్చీని పక్కనుంచి చూస్తే ముందు కాలు, వెనక కాలు పైకి పోతూ దగ్గరై, చేతులు ఆనించే కొయ్య కింద కలిసిపోతాయి, తిరగేసిన 'వి' అక్షరంలా. సీటూ వీపూ కేన్ అల్లిక. సీటుకూ వీపుకూ మధ్య జానెడు ఖాళీ. అప్పట్లో దాన్ని ఎవరు చేశారు, ఎందుకలా చేశారు అన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఫ్యాను ఎవరు చేశారని అడుగుతామా? అలాగే.

దాన్ని పట్టించుకున్నది చలికాలంలో. డిసెంబర్‌లో గదిలో కూర్చుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. మధ్యాహ్నం మేమంతా డాబా మీదికి చేరేవాళ్ళం. విరిగిన కుర్చీలన్నీ అక్కడే గుట్టగా పడి ఉండేవి, వానకు తడుస్తూ, ఎండకు ఎండుతూ. కాలు విరిగినవి, సీటు చిరిగినవి. అందులోంచి నాలుగు కాళ్ళూ ఉన్నదాన్ని లాక్కొని, చిరిగిన సీటు మీద అట్టముక్క వేసుకొని, వేయించిన పల్లీలు తింటూ చదువుకునేవాణ్ణి. వీపు వంపు ఎంత హాయిగా ఉండేదంటే, గంట కూర్చున్నా నడుము పట్టేది కాదు. చేతి కొయ్య బల్లపరుపుగా, టీ గ్లాసు పెట్టుకునేంత వెడల్పుగా ఉండేది. నా థీసిస్ సగం ఆ డాబా మీదే రాశాను.

అందుకే నేను తిరిగొచ్చేసే ఏడాది ఆ గుట్టను వేలం వేస్తున్నారని తెలిసి వెళ్ళాను. పేరెందుకు గానీ, నేను చదివిన చోటే. పాత సామాను వ్యాపారులు నలుగురైదుగురు వచ్చారు, పొయ్యిలోకి కట్టెల లెక్కన కొనేవాళ్ళు కూడా ఉన్నారు. అంతా లాటుగా పోయింది. పాడుకున్నాయన దగ్గరికి వెళ్ళి "రెండు ఇస్తారా" అంటే, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, ఏరుకొమ్మన్నాడు.

రజాయిలో చుట్టి, తాడు కట్టి, బ్రేక్ వ్యాన్‌లో బుక్ చేశాను. కుర్చీ ధర కంటే దాని ప్రయాణం ఖర్చే ఎక్కువైంది. కాజీపేటలో దింపుకొని రిక్షాలో ఇంటికి తెస్తే, బాపు అరుగు మీద నుంచి లేచి వచ్చి, రజాయి విప్పి, చాలాసేపు చూశాడు.

"పీహెచ్‌డీ చేసి గీ ఇరిగిన కుర్సీ తెచ్చినవా బిడ్డా?"

అప్పుడే నేను చేసిన తప్పు చెప్పాలి. వీపు వెనకాల అడ్డకొయ్య మీద తెల్ల రంగుతో, చేత్తో రాసిన అక్షరాలు కొన్ని, ఒక అంకె ఉండేవి. ఏ శాఖ కుర్చీ, ఎన్నో నంబరు అని. ప్రతి కుర్చీకీ అలాంటిది ఉండేది. నాకు అది చూస్తే సర్కారు సామాను ఎత్తుకొచ్చినట్టు అనిపించేది. ఇంటికొచ్చేవాళ్ళు ఏమనుకుంటారోనన్న నామోషీ కూడా. మా వీధి చివర వడ్లాయనను పిలిపించాను.

ఆయన కట్టెను గోటితో గీకి వాసన చూశాడు. "సారూ, మంచి టేకు గిది. గిసొంటి కట్టె ఇప్పుడు దొర్కది. కొత్తదాని లెక్క చేసిస్త." అన్నమాట ప్రకారమే కొత్తదాన్ని చేశాడు. అక్షరాలున్న కొయ్యను చిత్రిక పట్టాడు. కుంటుతోందని నాలుగు కాళ్ళూ అర అంగుళం కోశాడు. చిరిగిన కేన్ పీకేసి ప్లైవుడ్ కొట్టి, స్పాంజి వేసి, గోధుమ రంగు రెక్సిన్ తొడిగాడు. పైన రెండు పూతల వార్నిష్. అద్దంలా మెరిసింది. నేను సంతోషంగా 180 రూపాయలిచ్చాను. ఆయన తప్పేమీ లేదు, చెయ్యమన్నది చేశాడు.

తర్వాత పదిహేడేళ్ళు అది బాపు కుర్చీ. మొదట వెక్కిరించిన మనిషే ఇంకెవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. పొద్దున పేపరు, సాయంత్రం రేడియో, మధ్యలో కునుకు. కుడి చేతి కొయ్య చివర ఆయన బొటనవేలు రాసి రాసి వార్నిష్ పోయి, లోపలి టేకు బయటపడింది. 2009లో ఆయన పోయాక కుర్చీ పైన గదికి వెళ్ళింది. దాని మీద ఇస్త్రీకి వేసే బట్టలు ఉండేవి.

2016 జులైలో, చండీగఢ్‌ను డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టిన కట్టడాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏడు దేశాల్లో 17 చోట్లు, అందులో చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్ ఒకటి. మన ఊరి పేరు వచ్చిందన్న సంబరంతో పేపర్లో వచ్చిందల్లా చదువుతుంటే, ఒకచోట ఒక ఫొటో. విదేశాల్లో వేలం పాటలో ఒక కుర్చీ. ధర లక్షల్లో. తిరగేసిన 'వి'.

పైన గదికి వెళ్ళి బట్టలు తీసి చూశాను. మా కుర్చీయే. రెక్సిన్ తొడుక్కున్న మా కుర్చీ.

అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆరేళ్ళు ఆ ఊళ్ళో ఉండి తెలుసుకోనిది యాభై దాటాక తెలుసుకున్నాను. దేశ విభజనలో లాహోర్ అటు పోవడంతో పంజాబ్‌కు రాజధాని కావలసి వచ్చింది. 1951లో లె కార్బూజియే, ఆయన దగ్గరి బంధువు పియర్ జాన్నరే వచ్చారు. పేరంతా కార్బూజియేదే. ఆయన ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్ళేవాడు. అక్కడే ఉండి, రోజూ సైట్లు తిరిగి, పని చేయించింది జాన్నరే. 1965 దాకా ఉన్నాడు, ఆరోగ్యం చెడి వెళ్ళిపోయాడు, 1967లో జెనీవాలో చనిపోయాడు. తన బూడిదను సుఖ్నా చెరువులో కలపమన్నాడు, కలిపారు. ఆ చెరువు గట్టు మీద నేను ఎన్ని సాయంత్రాలు నడిచానో.

కొత్త ఊరికి వేల సంఖ్యలో కుర్చీలు, బల్లలు కావాలి. డబ్బు లేదు. ఉన్నది టేకు, శీశం, కేన్, చేతిపని వచ్చిన వడ్రంగులు. కాబట్టి జాన్నరే వాళ్ళ ఆఫీసులో బొమ్మలు గీసి స్థానిక వర్క్‌షాపులకు ఇచ్చారు. యూలీ చౌదరి లాంటి మన ఆర్కిటెక్టులూ ఆ పనిలో ఉన్నారు. ఒకే ఫ్యాక్టరీ అంటూ లేదు. అందుకే ఒక కుర్చీకీ ఇంకోదానికీ కొలతలు అచ్చంగా కలవవు. ఎవరి సంతకమూ ఉండదు. వేలం పుస్తకాల్లో 'పీజే-ఎస్‌ఐ' (పీజే అంటే పియర్ జాన్నరే) అంటూ కనిపించే నంబర్లు తర్వాతివాళ్ళు పెట్టుకున్నవే, కుర్చీ మీద ఉండేవి కావు. కుర్చీ మీద ఉండేది ఒక్కటే, ఆ చేతిరాత అక్షరాలు, అంకె. అంటే మా వడ్లాయన చిత్రిక పట్టినవి.

మిగతా కథ చాలామందికి తెలిసిందే. 1990ల చివర, 2000 తర్వాత పారిస్ వ్యాపారులు వచ్చి, వేలాల్లో ఈ విరిగిన సామానంతా కొని, బాగుచేసి అమ్ముకున్నారు. దొంగతనం కాదు, రసీదుతో కొన్నారు. మన పురావస్తువుల చట్టం, 1972 నాటిది, ఇలాంటి వస్తువులకు వందేళ్ళు నిండితేనే వర్తిస్తుంది. అంత వయసు లేని కుర్చీని అది ఆపలేకపోయింది. 2011లో కేంద్ర హోంశాఖ ఈ వారసత్వ ఫర్నిచర్ అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే చాలా వెళ్ళిపోయింది. ఆ వ్యాపారులను తిట్టుకోవాలనిపిస్తుంది గానీ, నాకు ఆ హక్కు లేదు. గుట్ట పక్కన ఆరేళ్ళు పల్లీలు తిన్నవాణ్ణి నేను.

ధర పెరిగాక నకిలీలు మొదలయ్యాయి. ఇప్పుడు నన్నెవరైనా ఫొటో పంపి అడిగితే ముందు చూసేది కాళ్ళ అడుగులు. మన దగ్గర రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తాం. ముప్పై నలభై ఏళ్ళు ఆ నీళ్ళు తాగిన కాళ్ళు కింది రెండంగుళాలు నల్లబడి, పీచుపీచుగా ఉంటాయి. కొన్నింటికి అక్కడ కొత్త ముక్క అతికి ఉంటుంది. కాళ్ళు శుభ్రంగా ఉండి, ఒళ్ళంతా సమానంగా మురికి పట్టి ఉంటే అనుమానించాల్సిందే. మురికి ఎప్పుడూ సమానంగా పట్టదు. చెయ్యి పడిన చోట నునుపు, వీపు ఆనిన చోట నిగారింపు, ఎవరూ ముట్టని మూలల్లో నలుపు. తర్వాత స్క్రూలు. తలమీద ఒకే గీత ఉంటే పాతవి కావచ్చు, నక్షత్రం గాడి ఉంటే తర్వాత వేసినవి. మా కుర్చీకి రెండు రకాలూ ఉన్నాయి, రెండో రకం వడ్లాయన పుణ్యం. ఇంకా, రెండు చేతి కొయ్యలూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటే నాకు నచ్చదు. చేత్తో కోసిన కొయ్యలో ఎక్కడో నూలువాసి తేడా ఉంటుంది.

2018లో బాగుచేయాలని కూర్చున్నాను. ఈసారి నేనే. సెలవుల్లో రోజుకు రెండు గంటలు.

రెక్సిన్ పీకితే స్పాంజి పొడిపొడిగా రాలింది. ప్లైవుడ్ తీస్తే చట్రం చుట్టూ కేన్ దూర్చే బెజ్జాలు, అన్నింట్లో పాత కేన్ ముక్కలు, బంక. గొడుగు పుల్లతో ఒక్కోటీ పొడిచి తీశాను. అది ఒక్కటే మూడు రోజులు పట్టింది. వార్నిష్ తీయడానికి మందులు ఉన్నాయి గానీ నేను గాజు పెంకుతో గీకాను, పాత వడ్రంగులు చేసినట్టు. పెంకు అంచుతో గీకితే వార్నిష్ మాత్రమే పలచని పొరలుగా లేస్తుంది, కొయ్యను తినదు. మొదటిసారి టేకు బయటపడినప్పుడు ఒక వాసన వచ్చింది, కొత్త తోలు చెప్పుల వాసనలాంటిది. చండీగఢ్ లైబ్రరీలో పుస్తకాల వాసన అనుకున్నది ఇదేనా అనిపించింది. కాకపోవచ్చు కూడా.

బాపు బొటనవేలు రాసిన చోట మాత్రం ముట్టలేదు. అక్కడ గీకడానికి ఎలాగూ ఏమీ మిగల్లేదు.

వదులైన అతుకుల్లో పాత బంక మీద కొత్తది పోస్తే నిలబడదు. విప్పి, పాతదంతా గీకి, ఫెవికాల్ పెట్టి బిగించాను. బిగించే పట్టీలు నా దగ్గర లేవు. పాత సైకిల్ ట్యూబును పొడుగ్గా కోసి, లాగి చుట్టి, రాత్రంతా ఉంచాను. బ్రహ్మాండంగా పట్టింది. కట్టెకు చివర్లో అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి రెండుసార్లు పట్టించాను. ఇది చేసేవాళ్ళకు ఒక్క మాట, నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడెయ్యకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టాలి.

కేన్ మాత్రం నా వల్ల కాలేదు. యూట్యూబ్ చూసి మొదలుపెట్టి, రెండో వరసలోనే చిక్కుముడి వేశాను. అప్పుడు ఒక మిత్రుడు చెప్పాడు, పాత రోజుల్లో సర్కారు ఆఫీసుల్లో కుర్చీలల్లే ఒకాయన ఉన్నాడని. కళ్ళు కనపడవు. చిన్నప్పుడు అంధుల బడిలో ఈ పని నేర్పారట. ఆయన మనవడు బండి మీద తీసుకొచ్చాడు.

వరండాలో చాప వేస్తే కూర్చొని, కుర్చీని ఒళ్ళోకి లాక్కొని, రెండు చేతులతో చట్రం చుట్టూ తడిమాడు. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

"ఎడమ దిక్కు ముప్పై ఒకటి, కుడి దిక్కు ముప్పై రెండు. చేత్తోని కొట్టిన బెజ్జాలు గివి. మిషిను గిట్ల తప్పది సారూ."

నేను ఆ కుర్చీని వారాల తరబడి గీకాను. ఒకటి తేడా ఉందని చూడనే లేదు.

"ఇప్పుడెట్ల అన్నా, అల్లిక వంకర పోదా?" అంటే, "పాతాయన ఎట్ల సరిజేసిండో గట్లనే చేస్త. మూలన రెండు పోగులు ఒక్క బెజ్జంల పోతయి" అన్నాడు. మూల బెజ్జం కొంచెం పెద్దదిగా ఉందని చూపించాడు, నా వేలు పట్టుకొని లోపల పెట్టి మరీ.

కేన్ పోగులను బకెట్ నీళ్ళలో అరగంట నానేసి, ఒక్కోటీ తీసి, నునుపు వైపు ఏదో పెదవికి రాసి చూసుకునేవాడు. నునుపు పైకి ఉండాలి. ముందు నిలువు వరస, దాని మీద అడ్డం, మళ్ళీ నిలువు, నాలుగోది కిందికీ మీదికీ అల్లుతూ అడ్డం. ఆ తర్వాత ఐమూలగా ఒక వైపు, ఐమూలగా రెండో వైపు. పోగు జారకుండా బెజ్జాల్లో వెదురు పుల్లలు గుచ్చేవాడు, పని ముందుకు పోతుంటే తీసి పక్క బెజ్జంలోకి మార్చేవాడు. ఐమూల పోగులు పడేకొద్దీ చతురస్రంగా ఉన్న కన్నాలు ఎనిమిది అంచులవి అవుతుంటే, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది. "నులక మంచం అల్లినట్టే ఉన్నది గదా" అంది. ఆయన నవ్వి, "నులక చేతికి నొప్పి, ఇది ఏళ్ళకు నొప్పి అమ్మా" అన్నాడు. నిజమే, వేళ్ళ చివర్లు కాయలు కాచి ఉన్నాయి.

నాలుగు రోజులు పట్టింది. తడిగా ఉన్నప్పుడు కొంచెం వదులుగా కనిపించిన సీటు మర్నాటికి ఆరి బిగుసుకుంది. వేలితో కొడితే డప్పు మోగినట్టు మోగింది. ఆయన అడిగింది 1,800. నేను రెండు వేలిస్తే, లెక్కపెట్టి రెండు వందలు వెనక్కిచ్చాడు. "ఎండకాలంల నెలకోపాలి కింది దిక్కు తడిబట్టతోని తుడువుండ్రి సారూ. ఎండితే పటుక్కున తెగుతది."

ఆ ఫొటోలు స్నేహితుల గ్రూపులో పెట్టాను. అక్కడ నుంచి ఎటు పోయాయో, రెండు నెలల తర్వాత ఢిల్లీ నుంచి ఒకాయన ఫోన్. పాత ఫర్నిచర్ వ్యాపారం. మర్యాదగా, హిందీలో, కుర్చీ గురించి నాకంటే బాగా మాట్లాడాడు. కాళ్ళు అర అంగుళం పొట్టి అని ఫొటో చూసే పట్టేశాడు. ధర కూడా చెప్పాడు. మా ఆవిడ పక్కనుంచి కళ్ళు పెద్దవి చేసింది.

"వెనకాల అక్షరాలు ఉన్నాయా సార్?" అన్నాడు.

లేవని, ఎలా పోయాయో చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "ఫర్వాలేదు, మా దగ్గర పాత రంగు వేసే కుర్రాళ్ళు ఉన్నారు. మీరు అక్కడే చదివారు కదా. ఏం రాసుందో గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. అక్షరాలూ గుర్తున్నాయి, అంకె కూడా. అంకెలో ఏడు మీద అడ్డగీత ఉండేది, ఆ గీత చివర రంగు కొంచెం కారి ఎండిపోయింది.

గుర్తులేదన్నాను.

ఇప్పుడు అమ్మ అందులో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తుంది. మోకాళ్ళ నొప్పులకు ఆ అర అంగుళం తగ్గడమే మంచిదైందట. మార్చి వచ్చేసింది, కిందివైపు తడిగుడ్డ పెట్టాలి.